ఆటస్థలంలో ఆడవాళ్లు – 6: టోపీలు అల్లే ఊరు, అందని టోపీ

స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరానికి నైరుతి దిక్కున, ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా స్టువర్టన్ అనే చిన్న ఊరుంది. ఎయిర్‌షైర్ ప్రాంతంలోని ఈ ఊరిని చుట్టుపక్కలవాళ్లు టోపీల ఊరు అంటారు. కొన్ని వందల ఏళ్లపాటు ఇక్కడి కుటుంబాలకు ఉన్ని టోపీలు అల్లడమే బతుకుతెరువు. స్కాటిష్ సైనిక దళాలవాళ్లు తలమీద పెట్టుకున్న టోపీలు ఎన్నో ఈ ఊళ్లో తయారైనవే. టోపీల పనివాళ్లకు ఇక్కడ ఒక సంఘం ఉండేది, దానికి సొంత కట్టుబాట్లు ఉండేవి.

బ్రిటన్ ఫుట్‌బాల్‌లోనూ టోపీకి పెద్దపీటే. దేశం తరఫున ఆడినందుకు గుర్తుగా మఖమలు గుడ్డతో కుట్టి, పైన కుచ్చు వేలాడేలా చేసిన టోపీ ఇవ్వడం అక్కడ పందొమ్మిదో శతాబ్దం నుంచి వస్తున్న ఆచారం. ఫలానా ఆటగాడు దేశానికి ఎన్నిసార్లు ఆడాడని అడగాలంటే, ఎన్ని క్యాప్‌లు అని అడుగుతారు. ఆ మాట ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలోకి వచ్చేసింది. తలమీద పెట్టుకుని తిరిగే వస్తువేమీ కాదది. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టి మనవలకు చూపించుకునేది.

రోజ్ రైలీ ఈ టోపీల ఊళ్లో పెరిగింది. స్కాట్లాండ్ జాతీయ జట్టుకు 10 మ్యాచ్‌లు ఆడింది. మొదటి మ్యాచ్ ఆడిన 47 ఏళ్లకు గానీ ఆ టోపీ ఆమె చేతికి రాలేదు. ఈలోగా ఆమె ఇంకో దేశపు చొక్కా వేసుకుంది, ఆ దేశానికి కప్పు గెలిచిపెట్టింది. ఈ వారం చెప్పబోయేది ఆమె కథ.

గత భాగాల్లో మనం 1881 మే నెలలో ఎడిన్‌బరోలోని ఈస్టర్ రోడ్ మైదానం దాకా వెళ్లివచ్చాం. స్కాట్లాండ్, ఇంగ్లండ్ పేర్లతో రెండు మహిళా జట్లు ఆడిన ఆ మ్యాచ్‌లో స్కాట్లాండ్ 3-0తో గెలవడం, కొద్ది రోజులకే గ్లాస్గోలో జనం మైదానంలోకి దూసుకొచ్చి ఆట ఆపేయడం చూశాం. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో 53,000 మంది మహిళల మ్యాచ్ చూసిన వైభవం, ఏడాది తిరగకముందే 1921 డిసెంబరు 5న ఇంగ్లండ్ సమాఖ్య తన క్లబ్బుల మైదానాలను ఆడవాళ్లకు మూసేసిన వైనం కూడా చెప్పుకున్నాం. స్కాట్లాండ్‌లోనూ అదే గతి పట్టింది. ఆట ఆగిపోలేదు గానీ, పార్కులకూ ఫ్యాక్టరీ స్థలాలకూ పరిమితమైపోయింది.

అక్కడి నుంచి ఒక్క అంగలో 1971కి వద్దాం. 1970లో ఇటలీలో, మరుసటి ఏడు మెక్సికోలో, ఏ ప్రపంచ సమాఖ్య గుర్తింపూ లేకుండానే ఆడవాళ్ల ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. డబ్బు పెట్టినవి వ్యాపార సంస్థలు. మెక్సికోలోని అజ్‌టెకా స్టేడియం నిండిపోయింది. ఆట పగ్గాలు తమ చేయి దాటిపోతున్నాయని యూరప్ సమాఖ్య యుయెఫా కంగారు పడింది. సభ్య దేశాలన్నీ మహిళల ఫుట్‌బాల్‌ను తమ కిందికి తీసుకోవాలా వద్దా అని 1971లో ఓటింగు పెట్టింది. 31 దేశాలు సరేనన్నాయి. ఒక్క దేశం వద్దంది. ఆ ఒక్కటీ స్కాట్లాండ్. రోజ్ రైలీకి అప్పటికి పదహారేళ్లు.

రోజ్ 1955 జనవరి 2న కిల్మార్నాక్‌లో పుట్టింది. పెరిగింది పక్కనే ఉన్న స్టువర్టన్‌లో. బొమ్మలతో ఆడే వయసులో క్రిస్మస్ పండక్కి ఇంట్లోవాళ్లు బొమ్మ కొనిపెడితే, దాన్ని పట్టుకెళ్లి బంతికి మార్చుకొచ్చిందట. రాత్రి ఆ బంతినే పక్కలో పెట్టుకుని పడుకుందట. వీధిలో ఆడాలంటే మగపిల్లలతోనే ఆడాలి. మగపిల్లల జట్టులో చోటు దొరకాలంటే ఆడపిల్లలా కనిపించకూడదు. జుట్టు కత్తిరించుకుంది. పేరు రాస్ అయింది. సెల్టిక్ క్లబ్బు కోసం కుర్రాళ్లను వెతికే ఆయన ఒకరోజు ఆ జట్టు ఆట చూసి, ఆ ఏడో నంబరు కుర్రాణ్ని మాకివ్వండి అని అడిగాడట. ఆ కుర్రాడు కుర్రాడు కాదని చెప్పాక మాట అక్కడితో ఆగిపోయింది. ఈ సంగతులన్నీ పెద్దయ్యాక రోజ్ తన నోటితో తాను చెప్పుకున్నవే. విన్నవాళ్లు నవ్వుతారు. నాకైతే ఇందులో నవ్వు రాదు. పరీక్షకు వచ్చిన మనిషి ఆట చూశాడు, మెచ్చాడు, తీసుకుంటానన్నాడు. ఆటలో లోపం ఏమీ దొరకలేదు. కాగితం మీద రాయాల్సిన పేరు దగ్గరే అడ్డం పడింది. అదే అడ్డం ఆమెకు మళ్లీ మళ్లీ తగిలింది.

స్టువర్టన్‌లో ఆమెకు దొరికిన అదృష్టం ఎల్సీ కుక్. ఊళ్లో స్టువర్టన్ థిసిల్ అనే ఆడవాళ్ల జట్టును నిలబెట్టిన మనిషి ఆమె. శిక్షణ ఇవ్వడం, మ్యాచ్‌లు కుదర్చడం, పిల్లల్ని కూడగట్టడం అన్నీ ఎల్సీ చేతిమీదే జరిగేవి. అప్పటికి స్కాట్లాండ్‌లో మహిళల ఫుట్‌బాల్ అంటే అలాంటి నలుగురైదుగురి ఓపిక. సమాఖ్య మైదానం ఇవ్వదు, రిఫరీని ఇవ్వదు, పత్రికలు వార్త రాయవు. అయినా ఆ చిన్న ఊరి జట్టు 1971లో ఇంగ్లండ్ మహిళల సంఘం మొట్టమొదటిసారి పెట్టిన కప్పు పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. మే 9న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో సౌథాంప్టన్ చేతిలో 4-1తో ఓడింది. ఇవాళ వెంబ్లీలో వేలమంది మధ్య జరిగే మహిళల ఎఫ్.ఏ. కప్పు ఫైనల్‌కు అది మొదటి మెట్టు. ఆ మెట్టు మీద నిలబడ్డ రెండు జట్లలో ఒకటి ఈ టోపీల ఊరిది.

రోజ్‌కు పరుగు పందేల్లోనూ మంచి పేరే ఉండేది. ఫుట్‌బాల్ మానుకుంటే అథ్లెటిక్స్‌లో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లవచ్చని శిక్షకులు చెప్పారు. ఆ దారిలో గుర్తింపు ఉంది, పతకాలున్నాయి, దేశపు జెండా ఉంది. ఆమె బంతినే పట్టుకుంది. కొన్నాళ్లకు గ్లాస్గో జట్టు వెస్ట్‌థార్న్ యునైటెడ్‌కు మారింది.

1972 సెప్టెంబరులో ఆరు జట్లు కలిసి స్కాటిష్ మహిళల ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నాయి. జాతీయ సమాఖ్య వద్దన్నాక ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవాలి కదా. ఆ సంఘానికి మొదటి కార్యదర్శి ఎల్సీ కుక్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

రెండు నెలలకు, నవంబరు 18న, గ్లాస్గోకు పడమరగా ఉన్న రేవు పట్టణం గ్రీనాక్‌లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ మహిళా జట్లు తలపడ్డాయి. ఇరు దేశాల చరిత్రలోనూ ఇదే మొదటి అధికారిక మహిళా అంతర్జాతీయ మ్యాచ్. ఇవే రెండు దేశాల పురుషులు గ్లాస్గోలో ప్రపంచపు మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి అప్పటికి దాదాపు వందేళ్లు. 1872 నవంబరు 30న జరిగిన ఆ మ్యాచ్‌లో ఒక్క గోలూ పడలేదు. ఆడవాళ్ల మ్యాచ్‌కు పెద్ద క్లబ్బుల మైదానాలు దొరకలేదు. పరుగు పందేలు జరిగే రావెన్స్‌క్రెయిగ్ స్టేడియంలో, ఎముకలు కొరికే చలిలో, గడ్డకట్టిన నేల మీద ఆడారు. చూడ్డానికి వచ్చినవాళ్లు నాలుగు వందల మంది.

మొదట స్కాట్లాండే ముందుకెళ్లింది. మేరీ కార్ మొదటి గోల్ కొట్టింది. రెండోది రోజ్‌ది. అదీ కార్నర్ కిక్ నుంచి నేరుగా.

ఈ గోల్ గురించి కాస్త చెప్పాలి. కార్నర్ జెండా దగ్గర బంతి పెట్టి చూస్తే గోల్ స్తంభాలు రెండూ ఒకే గీతలో కనిపిస్తాయి. లోపలికి దారే ఉండదు. బంతి గాల్లో బయటికి పోయినట్టే పోయి, చివర్లో వంపు తిరిగి వెనక్కి రావాలి. గోల్‌కీపర్ చేతికి అందనంత ఎత్తులో రావాలి, గోల్ పైపట్టీ కిందకి దిగాలి. 1924 దాకా నేరుగా కార్నర్ నుంచి పడిన గోల్ లెక్కలోకి వచ్చేది కాదు. ఆ ఏడు నియమం మారింది. అదే ఏడాది అక్టోబరులో అర్జెంటీనా ఆటగాడు సెసారియో ఒంజారి, అప్పటి ఒలింపిక్ విజేత ఉరుగ్వే మీద అలాంటి గోల్ కొట్టాడు. అప్పటి నుంచి దక్షిణ అమెరికాలో దానికి ఒలింపిక్ గోల్ అనే పేరు స్థిరపడింది. కొందరు గొప్ప ఆటగాళ్లకు జీవితమంతా ఆడినా ఒక్కటి పడదు. పదిహేడేళ్ల పిల్ల, దేశం తరఫున మొదటి మ్యాచ్‌లో, గడ్డకట్టిన నేల మీద నుంచి అలాంటి గోల్ వేసింది. సినిమా కెమెరాలు బారులు తీరిన మైదానం కాదది. చూసినవాళ్ల కళ్లల్లోనే మిగిలింది.

తర్వాత ఇంగ్లండ్ పుంజుకుంది. సిల్వియా గోర్ తమ దేశానికి మొదటి గోల్ సాధించింది. మరో ఇద్దరు చెరొకటి కొట్టారు. 3-2తో స్కాట్లాండ్ ఓడింది. మ్యాచ్ అయ్యాక టోపీలు లేవు. సమాఖ్య గుర్తించని జట్టుకు సమాఖ్య టోపీ ఎలా ఇస్తుంది?

ఆటే జీవనంగా బతకాలన్నది రోజ్ కోరిక. స్కాట్లాండ్‌లో ఆడపిల్లకు అది కుదరని మాట. ఫ్రాన్స్‌లో పరిస్థితి వేరు. షాంపేన్ ద్రాక్షతోటల నడుమ ఉన్న రీమ్స్ పట్టణంలో పియర్ జెఫ్రువా అనే పాత్రికేయుడు 1968లో ఓ వేడుక కోసం ఆడవాళ్ల జట్టు తయారుచేస్తే, అది వేడుకతో ఆగకుండా దేశంలోకెల్లా బలమైన జట్టుగా ఎదిగింది. ఫ్రెంచి సమాఖ్య 1970లోనే మహిళల ఆటను గుర్తించింది. గ్లాస్గో పత్రిక విలేఖరి ఒకరి చొరవతో రోజ్, ఆమె స్నేహితురాలు ఎడ్నా నీలిస్ 1973లో రీమ్స్‌కు పరీక్షకు వెళ్లారు. ఎడ్నా గ్లాస్గో పిల్ల. బంతి కాళ్లకు అంటుకుందా అన్నట్టు డిఫెండర్లను దాటుకుంటూ పోయే వింగర్. ఇద్దరికీ అక్కడ చోటు దొరికింది. నెలల్లోనే ఇటలీ కబురొచ్చింది. మిలాన్ మహిళల జట్టు ఇద్దర్నీ పిలిచింది. పందొమ్మిదేళ్లకు రోజ్ ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకునే మనిషి అయింది.

ఇప్పుడు ఈ కథలో నాకు రాయడం కష్టంగా ఉన్న చోటికి వచ్చాం.

1974లో స్కాట్లాండ్ సమాఖ్య పట్టు సడలించి మహిళల ఫుట్‌బాల్‌ను గుర్తించింది. పరిస్థితులు చక్కబడుతున్నాయనుకునే వేళ. మరుసటి ఏడు, 1975లో, స్కాటిష్ మహిళల ఫుట్‌బాల్ సంఘం ముగ్గురి మీద నిషేధం విధించింది. రోజ్ రైలీ, ఎడ్నా నీలిస్, ఎల్సీ కుక్. గడువు లేని నిషేధం, అంటే జీవితాంతమన్నట్టే. దేశంలోకెల్లా మంచి ఫార్వర్డ్‌లు ఇద్దరు, ఆ సంఘానికే మొదటి కార్యదర్శి అయిన మనిషి ఒకరు. ఎందుకని స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. సంఘం నడిచే తీరు బాగాలేదని, శిక్షణ నాసిరకంగా ఉందని తాము నోరు విప్పినందుకే ఇదంతా అని రోజ్ తర్వాత చెప్పుకుంది.

మగవాళ్ల సమాఖ్య ఆడవాళ్లను బయట నిలబెట్టిందని ఈ ధారావాహికలో ఇంతవరకూ రాస్తూ వచ్చాను. అది నిజమే. యాభై ఏళ్లు మైదానాలు మూసినవాళ్లు, 1971లో ఒంటరిగా చెయ్యెత్తి వద్దన్నవాళ్లు చరిత్ర ముందు జవాబు చెప్పాల్సిందే. కానీ రోజ్‌ను స్కాట్లాండ్ చొక్కాకు దూరం చేసింది ఆ మగవాళ్ల సమాఖ్య కాదు, ఆడవాళ్ల ఆట కోసం ఆడవాళ్లు కట్టుకున్న సంఘం. గుర్తింపు కోసం అంతకాలం ఎదురుచూసిన చిన్న సంఘం, ఆ గుర్తింపు వచ్చీ రాగానే తన వాళ్లలో గొంతెత్తినవాళ్లను బయటికి పంపింది. చేతికి కొత్తగా వచ్చిన కాస్త అధికారం ఎక్కడ జారిపోతుందోనన్న భయం అందుకు కారణమైందేమోనని నాకనిపిస్తుంది. కారణం ఏదైనా, ఒక స్ట్రైకర్ ఇరవై ఏళ్ల వయసులో, కాలూ కన్నూ ఒకటై పనిచేసే వయసులో, దేశానికి ఆడకుండా పోయింది. ఆమె మరో రెండు దశాబ్దాలు ఆడింది. ఆ గోల్స్ ఏవీ స్కాట్లాండ్ ఖాతాలో లేవు.

పుట్టింటి తలుపు మూసుకుంది. ఇటలీ తలుపులు తీసింది.

ఇటలీ పటం ముందు పెట్టుకుని రోజ్ ప్రయాణం చూస్తే, బూటు ఆకారపు ఆ దేశాన్ని పైనుంచి మడమ దాకా ఆమె ఆడుతూ దిగివచ్చినట్టు కనిపిస్తుంది. పైన ఉత్తరాన మిలాన్‌తో 1975లో మొదటి లీగ్ టైటిల్. ఆ తర్వాత బూటు కొనకు అవతల సిసిలీ ద్వీపంలో, ఎట్నా అగ్నిపర్వతం కింద ఉన్న కతానియాతో 1978లో రెండోది. మడమ దగ్గరి లెచ్చె పట్టణంతో 1981, 82, 83లో వరుసగా మూడు. అదే పూలియా ప్రాంతంలో ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న త్రానితో 1984, 85, 86లో మరో మూడు. మొత్తం ఎనిమిది లీగ్ టైటిళ్లు, నాలుగు ఇటలీ కప్పులు. రెండుసార్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినందుకు బంగారు బూటు.

మళ్లీ ఆ సంవత్సరాలు చూడండి. 1981 నుంచి 86 దాకా వరుసగా ఆరేళ్లు. రెండు వేర్వేరు ఊళ్లు, రెండు జట్లు, ఒక్క ఏడాదీ తప్పకుండా టైటిల్. రోజ్ ఎక్కడుంటే కప్పు అక్కడికి నడిచొచ్చింది. ఒక్క మనిషితో జట్టు గెలవదు, నిజమే. ఆ త్రాని జట్టులోనే తర్వాతి తరం ఇటలీ గర్వంగా చెప్పుకున్న కరోలీనా మొరాచె కూడా ఆడింది. అయినా ఆరేళ్లు వరుసగా గెలిచిన చోటల్లా ఉన్న మనిషి ఎవరో చూస్తే ఆ మనిషి గొప్పతనం అర్థమవుతుంది.

ఆ రోజుల్లో ఇటలీ మహిళల లీగ్ పురుషుల సమాఖ్య నీడలో లేదు. తన బండి తాను లాక్కునేది. డబ్బు స్థానిక వ్యాపారులది. అందుకే జట్ల పేర్లకు ముందు ఐస్‌క్రీమ్ కంపెనీల పేర్లు, ఫర్నిచర్ దుకాణాల పేర్లు కనిపిస్తాయి. లెచ్చె జట్టు పేరు అలాస్కా లెచ్చె. అలాస్కా ఆ ఐస్‌క్రీమ్ పేరు. ఒక వ్యాపారి చేతులెత్తేస్తే జట్టు మాయం. రోజ్ ఊళ్లు మారడానికి ఇదీ ఒక కారణమై ఉంటుంది. అలాగని ఆ డబ్బును తేలిగ్గా చూడలేం. స్కాట్లాండ్ సంఘాలు ఇవ్వలేని జీతం ఆ ఐస్‌క్రీమ్ ఇచ్చింది. గుర్తింపు పొందిన సంస్థ బయటికి గెంటిన ఆటను, గుర్తింపు లేని వ్యాపారం బతికించింది. ఇరవయ్యో శతాబ్దపు మహిళల ఫుట్‌బాల్ చరిత్రలో ఇది ఒక్క ఇటలీకే జరిగిన సంగతి కాదు.

లెచ్చె రోజుల నాటి ఒక ముచ్చట ఉంది. ఒక సీజన్‌లో ఆమె రెండు దేశాల్లో రెండు క్లబ్బులకు ఆడింది. శనివారం లెచ్చెకు, ఆదివారం విమానమెక్కి ఫ్రాన్స్ వెళ్లి పాత జట్టు రీమ్స్‌కు. ఆ సీజన్ ముగిసేసరికి ఇటలీ లీగ్ లెచ్చెది, ఫ్రాన్స్ లీగ్ రీమ్స్‌ది. ఇవాళ ఇలాంటిది ఊహకైనా రాదు. రిజిస్ట్రేషన్ నియమాలు ఒప్పుకోవు, ఒప్పంద పత్రాలు ఒప్పుకోవు, ఒళ్లు ఒప్పుకోదు. ఆమె ఆడింది. ఆదివారం సాయంత్రం రీమ్స్ మైదానంలోంచి బయటికొచ్చే ఆ కాళ్ల నొప్పి ఎంతో నేను తలచుకుంటూ ఉంటాను.

క్లబ్బుల తర్వాత దేశం. ఇటలీ జాతీయ జట్టు ఆమెను అడిగింది. ఆమె రక్తంలో ఇటలీ బంధుత్వం ఏదీ లేదు. దేశం మారి ఆడటం మీద ప్రపంచ సమాఖ్య నియమాలు మహిళల ఆట మీద ఇంకా గట్టిగా పడని కాలం కాబట్టి అది వీలైంది. స్కాట్లాండ్ ముదురు నీలం స్థానంలో ఇటలీ లేత నీలం చొక్కా వచ్చింది. ఆమె లెక్క ఇటలీకి 22 మ్యాచ్‌లు, 13 గోల్స్. నోరు ఇటలీ గీతం పాడుతున్నా లోపల కొట్టుకునే గుండె స్కాట్లాండ్‌దేనని తర్వాతి రోజుల్లో ఆమె చెప్పుకుంది. ద్రోహం చేశానన్న బాధ గానీ, పగ తీర్చుకున్నానన్న గర్వం గానీ ఆ మాటల్లో నాకు వినిపించవు. మనిషికి రెండు ఇళ్లుంటే ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడింది.

1984 ఆగస్టులో వెనిస్‌కు దగ్గర్లోని సముద్రతీర పట్టణం జేసోలోలో ముండియాలితో జరిగింది. ఇటలీ భాషలో చిన్న ప్రపంచ కప్పు అని అర్థం. ఇటలీ, పశ్చిమ జర్మనీ, ఇంగ్లండ్, బెల్జియం ఆడాయి. ఫైనల్లో ఇటలీ 3-1తో పశ్చిమ జర్మనీని ఓడించింది. రోజ్ ఒక గోల్ కొట్టింది. అంతకు ముందు ఏడాది ఆమెను ప్రపంచంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచారు.

స్కాట్లాండ్‌లో ఇప్పుడు చాలామంది ఆమెను ప్రపంచ కప్పు గెలిచిన ఒకే ఒక్క స్కాట్ అంటారు. చరిత్ర రాసేవాడిగా నేనిక్కడ ఆగాలి. ముండియాలితో ఫిఫా పోటీ కాదు. నాలుగే జట్లు. ఆడవాళ్లకు ఫిఫా ప్రపంచ కప్పు 1991లో చైనాలో గానీ మొదలు కాలేదు. కాబట్టి ఆ మాట నియమాల పుస్తకం ప్రకారం చెల్లదు. మరోవైపు నుంచి చూద్దాం. 1984లో ఆడవాళ్లకు ఇంతకన్నా పెద్ద కప్పు భూమ్మీద ఏదైనా ఉందా? అదే ఏడు యూరప్ సమాఖ్య తన మొదటి మహిళల పోటీ ముగించింది. ఖండాలన్నిటికీ కలిపి పోటీ పెట్టాలన్న ఆలోచన ఫిఫాకు ఇంకా రాలేదు. పెట్టనివాడిదే తప్పు, గెలిచినదాని తప్పు కాదు. అందుకని స్కాట్లాండ్ జనం ఆ పేరు పెట్టుకుని పిలుచుకుంటే తప్పని నేననలేను. పుస్తకంలో రాసేటప్పుడు మాత్రం ముండియాలితో అనే రాస్తాను. ఆ పేరు చాలు. అది చిన్నదేం కాదు.

ఇటలీ పత్రికల్లో ఆమె ఫొటోలు పడుతున్న ఆ ఏళ్లలో సొంత దేశంలో ఆమె పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. స్కాట్లాండ్ పురుషుల జట్టు 1974, 78, 82, 86 ప్రపంచ కప్పులకు వరుసగా వెళ్లింది. ఒక్కసారీ మొదటి దశ దాటలేదు. ఆ నాలుగు ఓటముల మీద ఆ దేశంలో ఎన్నో పుస్తకాలున్నాయి, పాటలున్నాయి. అదే కాలంలో అదే దేశపు పిల్ల ఆరు లీగ్‌లు వరుసగా గెలుస్తుంటే వార్త రాయడానికి ఎవరూ లేరు.

ఎడ్నా నీలిస్ కూడా ఇటలీలో చాలాకాలం ఆడింది. మిలాన్‌కు దగ్గర్లో జున్నుకు పేరుపడ్డ గోర్గొంజోలా ఊరి జట్టుకూ ఆడింది. 2015లో కన్నుమూసింది. అంటే ఈ కథ చివర్లో వచ్చే టోపీ దాకా ఆమె లేదు. ఆ మాట రాయకుండా ముందుకు వెళ్లలేకపోతున్నాను.

రోజ్ నలభై ఏళ్ల దాకా బూట్లు విప్పలేదు. ఇటలీలోనే అర్జెంటీనాకు చెందిన డాక్టరును పెళ్లి చేసుకుంది. ఒక కూతురు. ఒలింపిక్ గోల్ అని పేరు పెట్టిన దేశపు మనిషే ఆమెకు భర్తగా దొరకడం యాదృచ్ఛికమే అయినా, రాస్తున్నప్పుడు నా మనసుకు హాయిగా ఉంది. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో కుటుంబంతో సహా స్టువర్టన్‌కు తిరిగొచ్చింది. పాతికేళ్లకు పైగా విదేశంలో గడిపిన మనిషి, వెళ్లిన ఊరికే తిరిగి వచ్చింది.

గుర్తింపు మెల్లగా, వరుసలో నిలబడి వచ్చినట్టు వచ్చింది. 2007లో స్కాటిష్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి మహిళ ఆమే. స్టువర్టన్ క్రీడా కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. 2020 కొత్త సంవత్సరపు బ్రిటిష్ పురస్కారాల్లో ఎం.బి.ఇ. వచ్చింది.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది 2019. ఆ ఏడు స్కాట్లాండ్ మహిళల జట్టు మొదటిసారి ప్రపంచ కప్పుకు అర్హత సాధించింది. ఫ్రాన్స్ బయల్దేరేముందు మే 28న గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ పార్క్‌లో జమైకాతో వీడ్కోలు మ్యాచ్ ఆడింది. 18,555 మంది వచ్చారు. గ్రీనాక్‌లో చలికి వణుకుతూ నిలబడిన ఆ నాలుగు వందల మందిని దీని పక్కన పెట్టి చూడండి. ఆ ఏడాదే 1972 జట్టువాళ్లకు టోపీలు ఇచ్చారు. అప్పటికి వాళ్లంతా అరవై దాటినవాళ్లు, అమ్మమ్మలూ నాయనమ్మలూ అయినవాళ్లు. కొందరు లేరు. నలభై ఏడేళ్ల క్రితం ఆడిన ఒక్క మధ్యాహ్నానికి సమాఖ్య ఇచ్చిన రసీదు అది.

ఆ టోపీ స్కాట్లాండ్‌ది. ఇటలీ ఇచ్చిన టైటిళ్లు, బంగారు బూట్లు, కప్పు ఉన్న ఇంట్లోకి అది ఆఖరున వచ్చి చేరింది. టోపీలు అల్లిన ఊళ్లో, ఫుట్‌బాల్ టోపీ ఉన్న ఇల్లు ఇప్పుడొకటి ఉంది.

స్టువర్టన్ నుంచి సముద్రం వైపు పది మైళ్లు కూడా పోకముందే కిల్‌విన్నింగ్ వస్తుంది. అదీ ఎయిర్‌షైరే. 1980 డిసెంబరులో, రోజ్ లెచ్చెతో మొదటి టైటిల్ గెలవడానికి కొన్ని నెలల ముందు, ఆ ఊరి ఫుట్‌బాల్ కుటుంబంలో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు జూలీ ఫ్లీటింగ్. ఆమె స్కాట్లాండ్‌కు 121 మ్యాచ్‌లు ఆడి 116 గోల్స్ కొట్టింది. ఆమె పేరు దాచుకోవాల్సిన పని పడలేదు, జుట్టు కత్తిరించుకోవాల్సిన పని పడలేదు. అయినా ఆమె దారిలో ఉన్న రాళ్లు వేరే రకానివి. వచ్చే వారం కిల్‌విన్నింగ్ నుంచి మొదలుపెడదాం.